రజాకార్ అన్న ఒక్క మాటకి ప్రభుత్వం పడిపోయిందా? బంగ్లాదేశ్ సంగతి తెలిసినవాళ్లు చెప్పండి

బురుజు | 18 నవంబర్ 2025, రాత్రి 9:42

నిన్న బంగ్లాదేశ్ మాజీ ప్రధాని షేక్ హసీనాకి ఉరిశిక్ష వేశారన్న వార్త వచ్చినప్పటి నుంచి మా ఇంట్లో ఇదే చర్చ. తీర్పు సంగతి తర్వాత, నాకు ముందు వేరే డౌట్ ఉంది.

మాది సిద్దిపేట వైపు, బైరాన్‌పల్లికి దగ్గరి ఊరు. 1948లో రజాకార్లు ఆ ఊరి మీద పడి మనుషుల్ని వరసగా నిలబెట్టి కాల్చిన సంగతి తెలిసిందే, ఆ బురుజు ఇప్పటికీ ఉంది, నా ఐడీ కూడా అందుకే. మా నానమ్మ బతికున్నన్ని రోజులు ఆ మాట వింటే చేతిలో చేట పక్కన పెట్టేసేది. ఎవరైనా పిల్లల్ని గట్టిగా కొడితే "రజాకారోని లెక్క కొట్టకురా" అనేది. అంతకంటే పెద్ద తిట్టు ఆమె నోట వినలేదు.

నిన్న పాత వీడియో ఒకటి చూశా. ఢాకా యూనివర్సిటీలో అర్ధరాత్రి వేల మంది పిల్లలు, అందులో సగం ఆడపిల్లలే, కంచాలు గరిటెలు కొట్టుకుంటూ "నువ్వెవరు? నేనెవరు? రజాకార్, రజాకార్" అని అరుస్తున్నారు. తమని తామే రజాకార్లు అనుకునేవాళ్లు ఎక్కడైనా ఉంటారా? మన రజాకార్లకీ వాళ్లకీ ఏమైనా సంబంధం ఉందా?

చార్మినార్_చాయ్ | రాత్రి 10:05

సంబంధం లేదు అన్నా, మాట ఒక్కటే. రజా అంటే ఇష్టం, ఒప్పుదల. కార్ అంటే చేసేవాడు. ఇష్టంగా ముందుకొచ్చి పనిచేసేవాడు, అంటే వాలంటీర్. మంచి మాటే, మనుషులు దాన్ని పాడు చేశారు. మన దగ్గర రజాకార్ల నాయకుడు ఖాసిం రజ్వీ పాడు చేశాడు, అక్కడ ఇంకొకరు.

మా పాతబస్తీ ఇళ్లల్లో కూడా ఈ మాట ఎవరూ ఎత్తరు. మా తాత తమ్ముడు పోలీసు చర్య తర్వాత మరాఠ్వాడాలో పోయాడు, ఆయన ఏ రజాకార్ దళంలోనూ లేడు, బట్టల కొట్లో గుమస్తా. కానీ అడిగేవాడెవడు. రజ్వీ మాత్రం జైల్లోంచి వచ్చి 1957లో కరాచీ వెళ్లిపోయాడు. మిగిలింది ఇక్కడున్నవాళ్లు మోశారు.

పాతపుస్తకం | రాత్రి 11:20

బురుజు గారూ, చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ని, కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

1971లో తూర్పు పాకిస్తాన్ సైన్యాధికారి టిక్కా ఖాన్. అక్కడి బెంగాలీలు విడిపోతామంటుంటే అణచడానికి సైన్యానికి తోడుగా స్థానికులతో ఒక బలగం కట్టాడు. దాని పేరే రజాకార్. జమాతే ఇస్లామీ పార్టీ వాళ్లు, ఉర్దూ మాట్లాడే బీహారీలు, కూలి కోసం చేరిన పేద బెంగాలీలు కూడా అందులో ఉన్నారు. ఏ ఇంట్లో ముక్తివాహిని, అంటే విముక్తి పోరాట దళం, కుర్రాడున్నాడో, ఏది హిందువుల పేటో సైన్యానికి దారి చూపించింది వీళ్లు. పంజాబ్ నుంచి వచ్చిన సైనికుడికి ఆ ఊళ్లో ఏం తెలుస్తుంది? పక్కింటివాడే చూపించాలి. అందుకే అక్కడ ఆ మాటకి ద్రోహి అన్న అర్థం స్థిరపడింది. పాకిస్తానీ అని తిట్టినా సహిస్తారేమో కానీ రజాకార్ అంటే సహించరు.

ఇక 2024కి వద్దాం. 1971 స్వాతంత్ర్య యోధుల కుటుంబాలకి ప్రభుత్వ ఉద్యోగాల్లో 30 శాతం కోటా ఉండేది. మహిళలకి 10, వెనుకబడిన జిల్లాలకి 10, గిరిజన తెగలకి 5, వికలాంగులకి 1 కలిపితే 56. మెరిట్‌కి మిగిలేది 44. మొదట యోధులకే ఇచ్చారు, తర్వాత పిల్లలకి, ఆ తర్వాత మనవలకి. 2018లో పిల్లలు రోడ్డెక్కితే హసీనాయే విసుక్కుని పెద్ద ఉద్యోగాల్లో కోటా మొత్తం ఎత్తేసింది. 2024 జూన్ 5న హైకోర్టు ఆ రద్దు చెల్లదంది. జులై 1 నుంచి మళ్లీ ధర్నాలు.

జులై 14న ప్రెస్ మీట్‌లో ఆవిడ అన్నమాట ఇది, సారాంశం చెప్తున్నా: యోధుల మనవలకి కాకపోతే రజాకార్ల మనవలకి ఇవ్వాలా? ఆ రాత్రే మీరు చూసిన వీడియో. ఆడపిల్లల హాస్టళ్ల గేట్ల తాళాలు పగలగొట్టుకుని వచ్చారు. నినాదం మొత్తం వినండి, సగం విని ఆపితే తప్పుగా అర్థమవుతుంది. "తుమి కే? ఆమి కే? రాజాకార్, రాజాకార్! కే బోలేఛే? కే బోలేఛే? శోయిరాచార్, శోయిరాచార్!" ఎవరన్నారా మాట? నియంత అన్నది. అదీ ఎత్తిపొడుపు. ఇంకొకటి కూడా ఉంది, "చాయితే గెలామ్ ఒధికార్, హోయే గెలామ్ రాజాకార్". అధికార్ అంటే వాళ్ల భాషలో హక్కు. హక్కు అడగబోతే రజాకార్లమైపోయాం అని.

సూటిగా_చెప్తా | 19 నవంబర్, ఉదయం 7:15

మాస్టారూ మీరు కవిత్వం చెప్తున్నారు. నేను సూటిగా చెప్తా. ముస్లిం దేశాల్లో ప్రజాస్వామ్యం నిలవదు, అంతే. పాకిస్తాన్‌లో ఒక్క ప్రధాని కూడా ఐదేళ్లు పూర్తి చేయలేదు. ఇమ్రాన్‌ని దించారు, జైల్లో పెట్టారు, 2023 మే 9న వాళ్ల జనమే లాహోర్‌లో కోర్ కమాండర్ ఇంటికి నిప్పు పెట్టారు. అఫ్ఘానిస్తాన్‌లో 2021 ఆగస్టు 15న అధ్యక్షుడు హెలికాప్టరెక్కి పారిపోయాడు. బంగ్లాదేశ్‌లో 2024 ఆగస్టు 5న హసీనా, మన దేశానికి పారిపోయి వచ్చింది. స్క్రిప్టు ఒక్కటే. వెనకాల అమెరికా చెయ్యి లేదంటే నమ్మేంత అమాయకుణ్ని కాదు.

చార్మినార్_చాయ్ | ఉదయం 8:02

కొలంబోలో 2022 జులైలో అధ్యక్షుడి ఇంట్లో దూరి స్విమ్మింగ్ పూల్‌లో ఈతలు కొట్టినవాళ్లు ఏ దేశం వాళ్లు బ్రదర్? మొన్న సెప్టెంబర్‌లో ఖాట్మండులో పార్లమెంటు తగలబెట్టినవాళ్లు? అక్కడ కూడా కల్మా చదివారా?

సూటిగా_చెప్తా | ఉదయం 8:10

అవి వేరు.

చార్మినార్_చాయ్ | ఉదయం 8:11

ఎట్లా వేరో కూడా సూటిగా చెప్పు మరి.

నూలు_పోగు | మధ్యాహ్నం 1:30

లంచ్ టైమ్‌లో రాస్తున్నా. నేను గాజీపూర్‌లో గార్మెంట్ ఫ్యాక్టరీలో నాలుగేళ్లు క్వాలిటీ సెక్షన్ చూశాను, 2015 నుంచి 2019 దాకా. ఇప్పుడు గుంటూరు జిల్లాలో స్పిన్నింగ్ మిల్లులో ఉన్నాను. విదేశీ చెయ్యి సంగతి నాకు తెలియదు కానీ, అక్కడ ఉన్నవాణ్ని కాబట్టి చూసింది చెప్తా.

పొద్దున్నే ఏడుకి గాజీపూర్ రోడ్డు మీద నిలబడితే అదొక నది. ఆడవాళ్లు, చేతిలో టిఫిన్ డబ్బా, మెళ్లో గుర్తింపు కార్డు, వేగంగా నడుస్తూ. లేటైతే హాజరు బోనస్ పోతుంది. ఆ దేశం ఎగుమతుల్లో 80 శాతం పైన బట్టలే, దాదాపు 40 లక్షల మంది ఆ పని మీద బతుకుతారు. హసీనా టైమ్‌లో దేశం పెరగలేదని ఎవరూ అనలేరు. పద్మా నది మీద 6 కిలోమీటర్ల పైన బ్రిడ్జి కట్టింది, ఢాకాకి మెట్రో తెచ్చింది. ఇదంతా నిజమే.

ఇప్పుడు రెండో నిజం. ఫ్యాక్టరీ బయట టోంగ్ అని పిలిచే డబ్బా టీకొట్టు ఉండేది. అల్లం వేసిన పాలు లేని టీ. అక్కడ క్రికెట్ మాట్లాడేవాళ్లు, సినిమా మాట్లాడేవాళ్లు, జీతాలు మాట్లాడేవాళ్లు. ప్రధాని పేరు మాత్రం ఎవరూ ఎత్తేవాళ్లు కాదు. ఒకసారి నేనే తెలియక ఏదో జోక్ వేస్తే టీకొట్టు ముసలాయన గ్లాసు కడగడం ఆపి నా వైపు చూసి, మళ్లీ కడగడం మొదలుపెట్టాడు. మా సూపర్‌వైజర్ నన్ను పక్కకి తీసుకెళ్లి "దాదా, ఇక్కడ వద్దు" అన్నాడు. అంతే. ఆ తర్వాత నేను కూడా క్రికెటే మాట్లాడాను.

2018 డిసెంబర్ ఎన్నికల రోజు మా ఆఫీస్ బాయ్ పొద్దున్నే కొత్త చొక్కా వేసుకుని ఓటుకి వెళ్లి గంటలో తిరిగొచ్చేశాడు. ఓటు అయిపోయిందన్నారట. "ఎవరేశార్రా నీ ఓటు" అంటే "రాత్రే అయిపోయిందంట సార్" అని నవ్వాడు. వాడికి అదే మొదటి ఓటు. ఆ ఎన్నికల్లో 300 సీట్లకి హసీనా కూటమికి 288 వచ్చాయి.

2019 అక్టోబర్‌లో బ్యూయెట్‌లో, అంటే వాళ్ల ఐఐటీ లాంటిది, అబ్రార్ ఫహాద్ అనే కుర్రాణ్ని పాలకపార్టీ విద్యార్థి సంఘం వాళ్లు హాస్టల్ గదిలోనే క్రికెట్ స్టంపులతో కొట్టి చంపేశారు. చేసిన నేరం ఫేస్‌బుక్ పోస్టు. దేని గురించో తెలుసా, ఫేనీ నది నీళ్లు మన దేశానికి ఇవ్వడం గురించి. అప్పటి నుంచి ఇండియా మీద కోపం, హసీనా మీద కోపం అక్కడి కుర్రాళ్లకి ఒకటే కోపమైపోయింది. ఇది మనకి నచ్చకపోవచ్చు, కానీ తెలుసుకోవాలి.

కరీంనగర్_అమ్మ | మధ్యాహ్నం 3:48

నేను ఇక్కడ చదవడమే తప్ప ఎక్కువ రాయను. మా అమ్మాయి ఢాకాలో ఎంబీబీఎస్ చదువుతుంది. కాలేజీ పేరు చెప్పను. పోయిన ఏడాది జులై 18 రాత్రి ఎనిమిదిన్నరకి వీడియో కాల్‌లో మాట్లాడుతున్నాం. "అమ్మా బయట సౌండ్ వస్తుంది" అన్నది, బొమ్మ ఆగిపోయింది. నోరు సగం తెరిచి ఉన్న బొమ్మ. నెట్‌వర్క్ అనుకున్నా. పొద్దున లేచి చూస్తే దేశం మొత్తానికే నెట్ తీసేసిన్రు.

నాలుగు రోజులు వాట్సాప్‌లో ఒక్క టిక్కే. మామూలు ఫోన్ వందసార్లు కొడితే ఒకసారి కలిసేది, ముప్పై సెకన్లు మాట్లాడితే కట్. అట్లాంటి ముప్పై సెకన్లలో అది చెప్పింది ఏందంటే, హాస్టల్‌లో కరెంటు పోయింది అని. కరెంటు ఎందుకు పోయింది అంటే అక్కడ ప్రీపెయిడ్ మీటర్లు, నెట్ లేకపోతే రీఛార్జ్ కాదు. ఏటీఎంలు పనిచెయ్యట్లేదు. పిల్లలందరూ పైసలు ఒక గిన్నెలో వేసి లెక్కబెట్టుకుని బియ్యం, గుడ్లు తెప్పించుకున్నరట. మా ఆయన షుగర్ పేషెంటు, ఆ నాలుగు రోజులు అన్నం ముందు కూర్చుని లేచిపోయేవాడు.

తర్వాత హైకమిషన్ వాళ్లు లిస్టు రాసుకున్నరు. కర్ఫ్యూ సడలించిన టైమ్ చూసి తెల్లారుజామున బండ్లలో అఖౌడా పంపిచ్చిన్రు, అక్కడి నుంచి బార్డర్ దాటితే అగర్తలా. పిల్ల మోచేతి మీద బాల్‌పెన్నుతో ఇంటి నంబర్ రాసుకుని ఉన్నది. ఎందుకే అంటే "ఫోన్ పోతే ఎవరికైనా దొరుకుతా కదా" అన్నది. నంబర్ దొరకడం కాదు, తాను దొరకడం! ఆ మాట ఇప్పటికీ తలుచుకుంటే కడుపులో చెయ్యిపెట్టి దేవినట్టు అయితది.

డ్రైవర్ మాత్రం ఆ ఊరి ముసల్మానే. దారంతా "అమ్మా భయపడకండి, మీరు నా బిడ్డల్లాంటోళ్లు" అనుకుంట తెచ్చి, బార్డర్ దగ్గర పైసలిస్తే సగమే తీసుకున్నడట.

మిర్చి_టిక్కీ | సాయంత్రం 5:20

అమ్మా, చదువుతుంటే మాకే గుండె ఆగింది. అమ్మాయి క్షేమంగా వచ్చింది, అదే పదివేలు.

మా బాధ డబ్బు బాధ, మీ ముందు చెప్పడానికి సిగ్గుగా ఉంది కానీ ఈ దారంలో చెప్పకపోతే ఎక్కడ చెప్తాను. గుంటూరు మిర్చి యార్డులో మాకు కొట్టు ఉంది. మన ఎండుమిర్చికి బంగ్లాదేశ్ పెద్ద గిరాకీ, చాలామందికి తెలియదు. 2020లో లాక్‌డౌన్‌లో లారీలు ఆగిపోతే రెడ్డిపాలెం స్టేషన్ నుంచి బార్డర్ అవతల బెనాపోల్‌కి ఏకంగా పార్సిల్ రైలే వేశారు, 16 పెట్టెలు, 384 టన్నులు. ఆ రోజు మేం స్టేషన్‌కి వెళ్లి కొబ్బరికాయ కొట్టాం.

2024 ఆగస్టు 5. మా సరుకు రెండు లారీలు బార్డర్‌లో మనవైపు గేటు పెట్రాపోల్‌లో లైన్లో ఉన్నాయి. మధ్యాహ్నం టీవీలో ఆవిడ హెలికాప్టర్ ఎక్కే బొమ్మ చూస్తూనే డ్రైవర్‌కి ఫోన్ చేశా. వాడు టీ తాగుతున్నాడు, వాడికేం తెలియదు. "అన్నా గేటు మూసేశారు, అవతల కస్టమ్స్ వాళ్లు ఒక్కళ్లూ లేరు" అన్నాడు. ఆగస్టు, వాన, టార్పాలిన్ కింద టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు. మిర్చికి చెమ్మ తగిలితే రంగు పోతుంది, రంగు పోతే రేటు పోతుంది. రెండ్రోజులకి గేటు తెరిచారు కానీ మా సరుకు దిగేసరికి ఇంకో వారం. అవతలి కొనుగోలుదారు మంచివాడే, "భాయ్, బ్యాంకులో డాలర్లు లేవు, ఎల్‌సీ, అంటే బ్యాంకు హామీ పత్రం, తెరవడం లేదు" అని ఏడుస్తాడు. మా డబ్బు పూర్తిగా రావడానికి ఏడు నెలలు పట్టింది.

సూటిగా_చెప్తా | సాయంత్రం 6:02

మిర్చి గొడవ సరే. హిందువుల మాటేంటి? అది ఎవరూ ఎత్తరే. ఇళ్లు, గుళ్లు తగలబెట్టింది కనపడలేదా మీకు? దేశం పుట్టినప్పుడు ఎంతమంది, ఇప్పుడెంతమంది?

మోడరేటర్ | సాయంత్రం 6:40

రెండు పోస్టులు తీసేశాను. దేశం గురించి, పార్టీ గురించి ఎంతైనా కొట్టుకోండి, మతం పేరుతో తోటి సభ్యుణ్ని తిడితే ఐడీ పోతుంది. సూటిగా_చెప్తా గారి ప్రశ్న మాత్రం న్యాయమైనదే, ఉంచుతున్నాను.

నూలు_పోగు | రాత్రి 8:15

నేను ఎత్తుతాను. 2022 లెక్కల ప్రకారం అక్కడ హిందువులు దాదాపు 8 శాతం, కోటీ ముప్పై లక్షలు. హసీనా వెళ్లిన రాత్రి నుంచి దేశంలో పోలీసు అన్నవాడు లేడు. స్టేషన్లు తగలబడ్డాయి, మిగిలినవాళ్లు యూనిఫాం విప్పి దాక్కున్నారు, తర్వాత సమ్మె. ట్రాఫిక్ కాలేజీ పిల్లలు చూసుకున్నారు. అలాంటప్పుడు బలహీనుడి మీదే పడతారు. హిందువుల ఇళ్లు, కొట్లు, గుళ్ల మీద దాడులు జరిగాయి, అది అబద్ధం కాదు. హసీనా పార్టీ అవామీ లీగ్ వాళ్లనే కారణంతో కొన్ని, అదను దొరికిందని భూమి కోసం కొన్ని, ఉత్త ద్వేషంతో కొన్ని. వేరే ఊరి పాత వీడియోలు తెచ్చి గుడి కాలిందని మన దగ్గర తిప్పినవీ ఉన్నాయి, అదీ అబద్ధం కాదు.

నన్ను పక్కకి తీసుకెళ్లి "ఇక్కడ వద్దు" అన్న సూపర్‌వైజర్ హిందువే. టాంగాయిల్ వైపు ఊరు. ఆగస్టు 5 రాత్రి వాళ్ల వీధి మొదట్లో పక్కింటి ముస్లిం కుర్రాళ్లు వెదురుకర్రలు పట్టుకుని కాపలా కూర్చున్నారట. వాళ్లకి ఈయన భార్య టీ పెట్టి పంపిందట. ఇది విని నేను సంతోషపడేలోపే చెప్పాడు, బజార్లో ఉన్న తమ్ముడి బంగారం కొట్టు అదే రాత్రి తుడిచిపెట్టుకుపోయిందని. రెండూ ఒకే రాత్రి, ఒకే ఊరు. నోబెల్ గ్రహీత యూనస్ తాత్కాలిక ప్రభుత్వ పెద్దగా వచ్చిన వారం తిరక్కుండా ఢాకేశ్వరి గుడికి వెళ్లి భరోసా ఇచ్చాడు. తమ్ముడు మాత్రం కొట్టు మళ్లీ తెరవలేదు, కోల్‌కతాలో బంధువుల దగ్గరున్నాడు. మీరు ఏది పట్టుకుని ఏది వదిలేస్తారో మీ ఇష్టం.

సూటిగా_చెప్తా | రాత్రి 8:50

ఇది ఒప్పుకున్నారు, సంతోషం. మొదటిది కూడా నమ్ముతాలెండి.

బురుజు | రాత్రి 9:30

మాస్టారూ, ఇంకొకటి. కోటా గొడవ మాకు కొత్త కాదు. మా నాన్న 1969లో జైలుకి పోయివచ్చినోడు, మేం 610 జీవో కాగితం పట్టుకుని తిరిగినోళ్లం. ఉద్యోగాల కోసం ఉస్మానియా ఎట్లా మండిందో చూశాం. కానీ కోటా తగ్గించమని మొదలైంది ప్రధాని దిగిపోవాలి అనేదాకా నెల రోజుల్లో ఎట్లా పోయింది? సుప్రీంకోర్టు కోటా తగ్గించింది కూడా కదా?

పాతపుస్తకం | రాత్రి 11:05

తగ్గించింది, జులై 21న. 93 శాతం మెరిట్‌కి, యోధుల కుటుంబాలకి 5. అడిగినదానికంటే ఎక్కువే ఇచ్చినట్టు. కానీ అప్పటికే రక్తం చిందింది.

జులై 16న రంగ్‌పూర్‌లో అబూ సయీద్ అనే ఇంగ్లీషు డిపార్ట్‌మెంట్ కుర్రాడు. చేతిలో ఒక కర్ర, రెండు చేతులూ బార్లా చాపి పోలీసుల ఎదురుగా నిలబడ్డాడు. కొద్ది దూరం నుంచి కాల్చారు. వీడియోలో దేశమంతా చూసింది. పోలీసులు రాసుకున్న ఎఫ్ఐఆర్‌లో మాత్రం అల్లరిమూకల రాళ్లు తగిలి పోయాడని ఉంది. కళ్లతో చూసినదాన్ని కాగితం కాదంటే జనం ఆ కాగితం రాసినవాణ్ని ఇంకెప్పటికీ నమ్మరు. రెండ్రోజులకి ఉత్తరా పేటలో ముగ్ధో అనే కుర్రాడు గుంపులో మంచినీళ్ల సీసాలు పంచుతూ "పానీ లాగ్బే, పానీ?" అంటూ తిరుగుతున్నాడు, నీళ్లు కావాలా అని. కాసేపటికే తలకి తూటా. 25న ప్రధాని మీర్‌పూర్‌లో పగిలిన మెట్రో స్టేషన్ చూడడానికి వెళ్లి కన్నీళ్లు పెట్టుకుంది. అద్దాలు పగిలితే ఏడ్చింది, పిల్లలు చస్తే ఏడవలేదన్నారు జనం. ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం తర్వాత వేసిన అంచనా ప్రకారం ఆరు వారాల్లో 1,400 మంది దాకా చనిపోయారు.

ఆగస్టు 3న షహీద్ మినార్ దగ్గర విద్యార్థి నాయకుడు నహీద్ ఇస్లాం ఒకే ఒక్క డిమాండ్ ప్రకటించాడు, హసీనా దిగిపోవాలని. ఆగస్టు 4 ఒక్కరోజే వంద మంది దాకా పోయారు. 6న పెట్టుకున్న ఛలో ఢాకా 5కి జరిపారు. సైన్యాధిపతి వకారుజ్జమాన్ ఆవిడకి బంధువు వరసే. కానీ సైన్యం కాల్చడానికి సిద్ధపడలేదు. అంతే, మధ్యాహ్నానికి ప్రధాని నివాసం గణభవన్ జనం చేతిలో ఉంది. చెరువులో చేపలు, బాతులు, చీరలు, కుర్చీలు చేతికందింది పట్టుకుపోయారు.

ఇక అసలు కారణం కోటా కాదు, ఓటు. 2011లో ఆపద్ధర్మ ప్రభుత్వం కింద ఎన్నికలు జరిపే పద్ధతి తీసేసింది. 2014లో 300 సీట్లలో 153 చోట్ల పోటీయే లేదు. 2018 సంగతి నూలు_పోగు గారు చెప్పారు. 2024 జనవరిలో ప్రతిపక్షం మళ్లీ బహిష్కరించింది. అంటే పాతికేళ్ల కుర్రాడు ఒక్కసారి కూడా నిజమైన ఓటు వేసి ఎరగడు. వాడికి తెలిసిన ప్రధాని ఒక్కరే, వాడు విన్న సమాధానం ఒక్కటే, "నువ్వు రజాకార్". ధరలు పెరిగాయంటే రజాకార్, లంచం అంటే రజాకార్, ఉద్యోగం అంటే రజాకార్. అంతగా వాడితే ఏ తిట్టుకైనా పదును పోతుంది.

నినాదంలోని శోయిరాచార్ మన స్వైరాచారమే. 1987 నవంబర్ 10న ఎర్షాద్ సైనిక పాలన మీద ఊరేగింపులో నూర్ హొసేన్ అనే కుర్రాడు చొక్కా విప్పి గుండె మీద "శోయిరాచార్ నిపాత్ జాక్", నియంత నశించాలి అని రాయించుకుని నడిచాడు, కాల్చేశారు. ఆ ఉద్యమానికి నాయకురాళ్లు హసీనా, తర్వాత ఆమెకి ప్రత్యర్థి అయిన ఖాలిదా జియా. అదే మాట తిరిగి తిరిగి ఈవిడ గుమ్మానికే వచ్చింది.

లా_పాయింట్ | 20 నవంబర్, ఉదయం 10:25

వకీలుగా నా రెండు మాటలు. హసీనాకి శిక్ష వేసిన అంతర్జాతీయ నేరాల ట్రిబ్యునల్‌ని పెట్టింది హసీనాయే, 2010లో, ఆమె తండ్రి కాలంనాటి 1973 చట్టం కింద. ఎవర్ని విచారించడానికి? 1971 రజాకార్లని, జమాత్ నాయకుల్ని. 2013లో జమాత్ నాయకుడు ఖాదర్ మొల్లాకి యావజ్జీవం వేస్తే చాలదు, ఉరి వేయాలని షాబాగ్ కూడలిలో లక్షల మంది కూర్చున్నారు, ప్రభుత్వం చట్టం మార్చింది, అదే ఏడాది డిసెంబర్‌లో ఉరి తీశారు. విచారణ సరిగ్గా లేదని అప్పుడు బయటివాళ్లు మొత్తుకుంటే మన జోలికి రావద్దన్నారు. ఇప్పుడు అదే కోర్టు, అదే చట్టం, నిందితురాలు లేకుండానే విచారణ, ఉరి. ఇది రాజకీయ తీర్పని ఇప్పుడు ఆమె అంటోంది.

అలాగని ఆధారాలు లేవనీ కాదు. అప్పటి పోలీసు అధిపతి మామూన్ అప్రూవర్‌గా మారి సాక్ష్యం చెప్పాడు, ఆయనకి ఐదేళ్లు. కానీ ముద్దాయి తరఫు లాయర్‌ని కూడా ప్రభుత్వమే ఇచ్చిన కేసులో ఉరి వేస్తే నా వృత్తి మనసు ఒప్పుకోదు.

మనం అప్పగిస్తామా అంటారా, 2013 ఒప్పందం ఉంది. రాజకీయ నేరమైతే కాదనే వీలు అందులోనే ఉంది, హత్య లాంటివి ఆ కిందకి రావన్న షరతూ అందులోనే ఉంది. ఏళ్లు పడుతుంది. ఆవిడకి ఢిల్లీ కొత్త కాదు, 1975 ఆగస్టు 15న తండ్రిని, ఇంటిల్లిపాదినీ చంపినప్పుడు చెల్లెలితో కలిసి విదేశంలో ఉండబట్టి బతికింది. 1981 మే దాకా ఢిల్లీలోనే తలదాచుకుంది.

సూటిగా_చెప్తా | ఉదయం 11:00

మరి నోబెల్ తాత ఏం ఉద్ధరించాడు? ఫిబ్రవరిలో ధన్‌మండీలో హసీనా తండ్రి ముజీబ్ ఇంటిని జేసీబీలు పెట్టి కూల్చారు, ప్రభుత్వం చూస్తూ కూర్చుంది. మేలో అవామీ లీగ్ కార్యకలాపాలే నిషేధించారు. ఒకప్పుడు ఆమె జమాత్‌ని నొక్కింది, ఇప్పుడు వీళ్లు ఆమెని నొక్కుతున్నారు. తేడా ఏముంది?

పాతపుస్తకం | ఉదయం 11:40

ఈ ఒక్క విషయంలో మీతో నాకు పేచీ లేదు.

నూలు_పోగు | మధ్యాహ్నం 1:20

ఏప్రిల్‌లో వాళ్లు మన నూలు లారీల్లో రావొద్దన్నారు, ఓడల్లోనే రావాలట. మేలో మనవాళ్లు వాళ్ల రెడీమేడ్ బట్టలు కోల్‌కతా, నవా షేవా ఓడరేవుల్లోనే దిగాలన్నారు. మా మిల్లులో బంగ్లాదేశ్ ఆర్డర్ ఉన్నప్పుడు మూడు షిఫ్టులు, ఇప్పుడు రెండు. గాజీపూర్‌లో మా పాత లైన్‌లోనూ ఓవర్‌టైమ్ లేదట. ఎవరి మీద ఎవరు పగ తీర్చుకున్నారో నాకైతే అర్థం కాలేదు.

కరీంనగర్_అమ్మ | రాత్రి 8:55

బురుజు తమ్ముడూ, నీ ప్రశ్న మా అమ్మాయినే అడిగిన, ఫోన్‌లో. అది పోయిన ఏడాది అక్టోబర్‌లోనే తిరిగి పోయింది, మేం వద్దన్నా వినలే, చదువు సగంలో ఆపి ఏం చెయ్యాలె అన్నది. ఇప్పుడు కాలేజీ గోడల నిండా బొమ్మలేనట. చేతులు చాపిన పిల్లగాడు ఒక గోడ మీద, నీళ్ల సీసా ఇంకో గోడ మీద.

దాని రూమ్మేట్ అక్కడి పిల్లే. ఆ పిల్ల తాత 1971లో తుపాకీ పట్టినోడు, సర్టిఫికెట్ ఉన్నది. అంటే ఆ కోటా ఈ పిల్లకే వచ్చేది. అయినా జులై 14 రాత్రి యూనివర్సిటీలో ఉన్న అక్కతో కలిసి పోయి ఆ నినాదం ఇచ్చిందట. తెల్లారి ఫోన్ చేసి తాతకి చెప్తే ఆయన ఏమనకుండా ఫోన్ పెట్టేసిండట. రెండు రోజులు మాట్లాడలే. ఆయన తమ్ముణ్ని రజాకార్లే పట్టిచ్చిన్రట అప్పట్ల. రంగ్‌పూర్ పిల్లగాడి వీడియో వచ్చినంక ఆయనే ఫోన్ చేసి "బయటికి పోతే గట్టి చెప్పులు వేసుకో, ఉరకాల్సి వస్తది" అన్నడట. ఆ మాట గురించి మాత్రం ఎత్తలేదట.

బురుజు | రాత్రి 9:20

అక్కా, మా నానమ్మ ఉంటే ఆ ముసలాయన మాట ఆమెకి అర్థమయ్యేది అనిపిస్తోంది. మరి ఇప్పుడేమంటున్నాడు ఆయన? హసీనాకి ఉరి అంటే?

కరీంనగర్_అమ్మ | 21 నవంబర్, ఉదయం 6:50

అడిగిన. ముజీబ్ ఇల్లు కూల్చిన రోజు నుంచి మనవరాలితోనే కొట్లాడుతున్నడట. "మీరు దించింది బిడ్డని, కూల్చింది తండ్రి ఇల్లు, ఎందుకు" అంటడట. ఆ పిల్ల దగ్గర జవాబు లేదట. తీర్పు రోజు టీవీ కట్టేసి చేపల బజారుకి పోయిండట. ఇలిష చేప తెచ్చిండట, ఇద్దరూ కలిసే తిన్నరట.

సరే గానీ, మా అమ్మాయికి జనవరిలో సెలవులు. హైదరాబాద్ నుంచి ఢాకాకి టికెట్లు మస్తు రేటు ఉన్నయి. అగర్తలా దాకా వచ్చి అక్కడి నుంచి ఫ్లైట్ ఎక్కితే తక్కువ పడతదా? ఈ మధ్య ఎవరి పిల్లలైనా అట్లా వచ్చి ఉంటే చెప్పండి.

మిర్చి_టిక్కీ | ఉదయం 7:35

అమ్మా, కోల్‌కతా మీదుగా చూడండి, పెట్రాపోల్ దాటితే బస్సులు దొరుకుతాయి. మా డ్రైవర్ ఒకడు వారానికోసారి అటే వెళ్తాడు, గేటు దగ్గర పరిస్థితి ఎలా ఉందో వాణ్ని అడిగి సాయంత్రం రాస్తాను.